బిల్డ్ స్క్రిప్ట్ మొదటి లైన్ నిజం చెప్పాలి

ఫోన్ రివ్యూ అనగానే మనం ముందు చూసేది ప్రాసెసర్, ర్యామ్, బెంచ్‌మార్క్ స్కోర్. బడ్జెట్ ఫోన్‌లో కూడా ఇప్పుడు ఎనిమిది కోర్లు ఉంటున్నాయి. సరే, అంత పవర్ ఉన్న ఫోన్‌లో టెర్మక్స్ వేసుకుని, గిట్‌హబ్ నుంచి ఏదో ఒక చిన్న ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ దించి బిల్డ్ కొట్టి చూడండి. చాలాసార్లు మధ్యలోనే ఆగిపోతుంది. ప్రాసెసర్ చాలక కాదు, ర్యామ్ తక్కువై కాదు. ఆ బిల్డ్ స్క్రిప్ట్ రాసినవాళ్లు తమ లాప్‌టాప్ తప్ప లోకంలో ఇంకో కంప్యూటర్ లేదనుకున్నారు, అంతే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. బిల్డ్ స్క్రిప్ట్ మొదటి లైన్ అంటే వాడేవాళ్లకి ఇచ్చిన మాట. అక్కడ "#!/బిన్/ఎస్‌హెచ్" అని రాస్తే కింద రాసేది నిజంగా ఎస్‌హెచ్‌లోనే ఉండాలి. బాష్ కావాలంటే బాష్ అనే రాయండి, తప్పేం లేదు. పైన ఒకటి రాసి కింద ఇంకొకటి వాడితే మాత్రం నష్టపోయేది మీరు కాదు, కొత్తగా నేర్చుకుంటున్న ఎవరో కుర్రాడు.

(కమాండ్లన్నీ ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నా. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీష్ స్పెల్లింగే కొట్టాలి.)

ఎస్‌హెచ్ వేరు, బాష్ వేరు

కాలేజీ ల్యాబ్‌లో మనకి లినక్స్ చెప్పేటప్పుడు "షెల్ అంటే బాష్" అన్నట్టే చెప్తారు. నిజానికి ఎస్‌హెచ్ అనేది ఒక్క ప్రోగ్రామ్ పేరు కాదు. 1979లో యూనిక్స్ వెర్షన్ 7తో వచ్చిన బోర్న్ షెల్ నుంచి మొదలైన ఒక భాష అది. తర్వాత పాజిక్స్ అనే స్టాండర్డ్ దాని రూల్స్ రాసిపెట్టింది. ఆ రూల్స్ పాటించే ఏ ప్రోగ్రామ్‌నైనా ఒక సిస్టమ్ "/బిన్/ఎస్‌హెచ్" అనే పేరుతో పెట్టుకోవచ్చు. బాష్ ఆ రూల్స్ పాటిస్తుంది, వాటిపైన సొంత సౌకర్యాలు బోలెడు కలుపుతుంది. చిక్కంతా ఆ అదనపు సౌకర్యాలతోనే.

ఉబుంటు 2006లో వచ్చిన 6.10 వెర్షన్ నుంచే "/బిన్/ఎస్‌హెచ్" స్థానంలో బాష్ తీసేసి డ్యాష్ అనే చిన్న షెల్ పెట్టింది. కారణం స్పీడ్. సిస్టమ్ బూట్ అయ్యేటప్పుడు బోలెడు స్క్రిప్టులు నడుస్తాయి, డ్యాష్ వాటిని త్వరగా నడుపుతుంది. డెబియన్ కూడా 2011లో వచ్చిన 6.0తో అదే దారి పట్టింది. అంటే మీ ఉబుంటు టెర్మినల్ తెరవగానే కనిపించేది బాష్, కానీ "/బిన్/ఎస్‌హెచ్" అని పిలిస్తే పలికేది డ్యాష్. ఇది తెలియక కొట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

మ్యాక్ కథ వేరు. ఆపిల్ ఇచ్చే బాష్ ఇప్పటికీ 3.2 దగ్గరే ఆగిపోయింది. ఆ తర్వాతి వెర్షన్ల లైసెన్స్ జీపీఎల్ మూడుకి మారడంతో ఆపిల్ ముందుకి వెళ్లలేదు. 2019లో కాటలీనా నుంచి యూజర్ షెల్‌ని జెడ్‌ఎస్‌హెచ్‌కి మార్చేసింది. బాష్ 4లో వచ్చిన అసోసియేటివ్ ఎరేలు, మ్యాప్‌ఫైల్ లాంటివి మ్యాక్‌తో వచ్చే బాష్‌లో లేవు. "మొదటి లైన్‌లో బాష్ అనే రాశాను కదా" అన్నా, అక్కడ దొరికే బాష్ వేరే.

ఇక మన ఫోన్. ఆండ్రాయిడ్ 4.0 నుంచి సిస్టమ్ షెల్ ఎంకేఎస్‌హెచ్. ఎల్‌ఎస్, సీపీ లాంటి కమాండ్లు 6.0 కాలం నుంచి టాయ్‌బాక్స్‌వి. టెర్మక్స్ లోపల ఎస్‌హెచ్ అంటే మళ్లీ డ్యాష్. మ్యాజిస్క్ మాడ్యూల్ రాసేవాళ్లకి ఇంకొకటి: వాటి స్క్రిప్టులు నడిచేది బిజీబాక్స్ వాళ్ల యాష్‌లో. డాకర్‌లో అందరూ ఇష్టపడే ఆల్పైన్ లినక్స్‌లోనూ బిజీబాక్స్ యాషే, బాష్ మీరు విడిగా వేసుకోవాలి. ఫ్రీబీఎస్‌డీలో బాష్ వేసుకున్నా అది "/బిన్" కింద ఉండదు, "/యూఎస్‌ఆర్/లోకల్/బిన్" కింద ఉంటుంది.

"నేను షెల్ రాయను, నాకెందుకు ఇదంతా" అంటారా? మేక్‌ఫైల్‌లో రాసే ప్రతి కమాండ్, మీరు వేరే చెప్పకపోతే, ఎస్‌హెచ్‌కే వెళ్తుంది. డాకర్‌ఫైల్‌లో రన్ లైన్ కూడా అంతే. లినక్స్, మ్యాక్‌లలో ఎన్‌పీఎం స్క్రిప్టులూ అంతే. మీ టెర్మినల్‌లో ఏ షెల్ ఉందో వాటికి అనవసరం.

ఎర్రగడ్డ సమస్య

మా మదనపల్లెలో ఎర్రగడ్డ అంటే ఉల్లిపాయ. కేజీ ఎర్రగడ్డలు ఇవ్వప్పా అంటే అంగడాయన తూకం వేసి ఇస్తాడు. అదే హైదరాబాద్‌లో ఆటో ఎక్కి ఎర్రగడ్డ అన్నారంటే, మెట్రో స్టేషన్ ఉన్న ఒక ఏరియాలో దించి మీటర్ చూపిస్తాడు. ఆటో ఆయన "నాకర్థం కాలేదు" అనలేదు. అర్థమైంది, కాకపోతే వేరేగా అర్థమైంది. అర్థం కాకపోతే అడుగుతారు, సరిచేసుకోవచ్చు. వేరేగా అర్థమైతేనే ఇబ్బంది.

షెల్ పోర్టబిలిటీలో ప్రమాదకరమైన బగ్‌లన్నీ ఈ రకమే. ఎరే రాస్తే డ్యాష్ వెంటనే సింటాక్స్ ఎర్రర్ అని ఆగిపోతుంది. అది మంచిదే, కనీసం తెలుస్తుంది. ఇప్పుడు వీటిని చూడండి.

ఒకటి, "==". పాజిక్స్ ప్రకారం "[" లోపల రెండు మాటలు ఒకటేనా అని పోల్చడానికి ఒక్క "=" చాలు. బాష్ రెండు ఉన్నా ఒప్పుకుంటుంది. డ్యాష్ మాత్రం "అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఆపరేటర్" అని ఒక లైన్ గొణిగి, కండిషన్ తప్పయినట్టు లెక్కేసి ముందుకెళ్లిపోతుంది. మీరు డీబగ్ బిల్డ్ అడిగారు, స్క్రిప్ట్ ఎల్స్ లోకి పోయి రిలీజ్ బిల్డ్ చేసిపెడుతుంది. చివర్లో సక్సెస్ అనే వస్తుంది. ఎగ్జిట్-ఆన్-ఎర్రర్ పెట్టినా లాభం లేదు, ఇఫ్ కండిషన్‌లో ఫెయిల్ అయితే అది పట్టించుకోదు.

రెండు, "ఎకో -ఈ". బాష్‌లో అది ఒక ఆప్షన్. డ్యాష్‌లో ఆ "-ఈ" కూడా ప్రింట్ చేయాల్సిన మాటే. స్క్రిప్ట్ దాంతో కాన్ఫిగ్ ఫైల్ తయారు చేస్తుంటే, ఫైల్ మొదట్లోనే "-ఈ" అని కూర్చుంటుంది. ఎర్రర్ ఇక్కడ రాదు, పది నిమిషాల తర్వాత ఇంకెక్కడో వస్తుంది.

మూడు, నా లెక్కలో అన్నిటికన్నా చెడ్డది, "&>". బాష్‌లో దీని అర్థం: అవుట్‌పుట్, ఎర్రర్లు రెండూ ఈ ఫైల్‌లోకి పంపు. డ్యాష్ దీన్ని రెండు ముక్కలుగా చదువుతుంది. "&" అంటే ముందున్న కమాండ్‌ని బ్యాక్‌గ్రౌండ్‌లోకి తోసెయ్. ">" అంటే ఆ ఫైల్‌ని ఖాళీ చెయ్. రెండూ సరైన షెల్ వాక్యాలే, అందుకే ఫిర్యాదేమీ ఉండదు.

"నా ఫోన్ స్లో కదన్నా"

ఈ మూడోది నేను దగ్గర్నుంచి చూశాను. మా చిన్నాన్న కొడుకు పుంగనూరులో డిప్లొమా చదువుతున్నాడు. లాప్‌టాప్ లేదు. సీ ప్రోగ్రామింగ్ నేర్చుకున్నదంతా ఫోన్‌లో టెర్మక్స్ మీదే, ఒక పాత బ్లూటూత్ కీబోర్డ్‌తో. ఒక రోజు ఫోన్ చేసి అడిగాడు: "అన్నా, ఒక టెర్మినల్ గేమ్ బిల్డ్ చేస్తున్నా. డన్ అని వస్తుంది, కానీ ఫైల్ ఉండదు. మళ్లీ కొడితే వస్తుంది. నా ఫోన్ స్లో కదన్నా, అందుకేనేమో?"

స్క్రిప్ట్ పంపించమన్నా. మొదటి లైన్ ఎస్‌హెచ్. మధ్యలో మేక్ పక్కన "&>" పెట్టి లాగ్ ఫైల్ పేరు. ఆ కింది లైన్‌లో తయారైన గేమ్‌ని ఇంకో ఫోల్డర్‌లోకి కాపీ చేయడం, ఆ తర్వాత "డన్" అని ప్రింట్. బాష్‌లో అయితే మేక్ పూర్తయ్యాకే కాపీ జరిగేది. వాడి ఫోన్‌లో ఎస్‌హెచ్ అంటే డ్యాష్ కాబట్టి మేక్ బ్యాక్‌గ్రౌండ్‌లోకి పోయింది, ఇంకా తయారవని ఫైల్‌ని కాపీ చేయబోయి ఫెయిల్ అయింది, డన్ అని మాత్రం వచ్చేసింది. డన్ వచ్చాక కూడా స్క్రీన్ మీద కంపైలర్ లైన్లు పడుతూనే ఉన్నాయట. లాగ్ ఫైల్ చూస్తే ఖాళీ. రెండోసారి కొట్టేసరికి మొదటి మేక్ పని ముగించేసి ఉంటుంది కాబట్టి కాపీ అయిపోయేది.

మార్చాల్సింది ఒక్క లైన్: ">" పెట్టి లాగ్ ఫైల్ పేరు, ఆ తర్వాత "2>&1". పాజిక్స్ రూల్స్ పాటించే ఏ షెల్‌లోనైనా దాని అర్థం ఒకటే. వాడి చేతే ఫిక్స్ రాయించి, వాడి పేరు మీదే ప్రాజెక్ట్‌కి పంపించాం. తీసుకున్నారు కూడా.

నన్ను ఇబ్బంది పెట్టింది బగ్ కాదు, వాడన్న మాట. తప్పు స్క్రిప్ట్‌లో ఉంటే వాడు తన ఫోన్‌ని అనుమానించాడు. ఇంకో నెల పోతే తనని తాను అనుమానించేవాడు. అడగడానికి ఇంట్లో ఒక ఇంజినీర్ లేని కుర్రాళ్లు ఎంతమంది ఇట్లా మధ్యలో వదిలేసి ఉంటారు? మంచి లాప్‌టాప్ ఉన్నవాళ్లకి పోర్టబిలిటీ పట్టింపులాగా కనిపిస్తుంది. ఫోనే కంప్యూటర్ అయినవాడికి అది లోపలికి వెళ్లే తలుపు. సోర్స్ ఓపెన్‌గా పెట్టి, బిల్డ్ మాత్రం మన మెషీన్‌లోనే అయ్యేట్టు పెడితే, ఆ తలుపు సగమే తెరిచినట్టు.

మదనపల్లెకి ఎన్ని అక్షరాలు?

తెలుగువాళ్లకి ఇంకో చిక్కు ఉంది, ఇంగ్లీష్‌లో మాత్రమే టెస్ట్ చేసేవాళ్లకి ఇది తగలదు. "మదనపల్లె" అనే పేరుకి ఎన్ని అక్షరాలు? మనం చదివితే ఐదు: మ, ద, న, ప, ల్లె. ఈ పేరుని ఒక వేరియబుల్‌లో పెట్టి పొడవెంత అని యూటీఎఫ్-8 లొకేల్‌లో ఉన్న బాష్‌ని అడిగితే 8 అంటుంది. "ల్లె"లో ల, పొల్లు, ఇంకో ల, ఎత్వం కలిపి నాలుగు కోడ్‌పాయింట్లు కాబట్టి. ఉబుంటు 24.04లో ఉన్న డ్యాష్ 0.5.12ని అదే అడిగితే 24 అంటుంది. అది బైట్లు లెక్కపెడుతుంది, తెలుగులో ఒక్కో కోడ్‌పాయింట్‌కి మూడు బైట్లు.

ఒకే పేరు, మూడు జవాబులు. బిల్డ్ స్క్రిప్ట్‌లో పేరు పొడవు చూసి కత్తిరించే లైన్ ఒకటి ఉంటే, ఒక మెషీన్‌లో పేరు బాగానే ఉంటుంది, ఇంకో మెషీన్‌లో అక్షరం మధ్యలో తెగి చెత్త గుర్తులు వస్తాయి. ఫైళ్లని వరుసలో పెట్టే సార్ట్ కమాండ్ కూడా లొకేల్‌ని బట్టి వరుస మారుస్తుంది. అందుకే బిల్డ్‌లో సార్ట్ వాడే చోట లొకేల్‌ని "ఎల్‌సీ_ఆల్=సీ" అని కట్టేయడం మంచి అలవాటు. టెక్స్ట్ పొడవుతో పని ఉంటే అది షెల్‌లో చేయకపోవడమే మేలు.

"డాకర్ ఉంది కదా బ్రో"

ఈ మాట ఎత్తగానే వచ్చే జవాబులు నాకు తెలుసు.

మొదటిది డాకర్. ఆఫీస్‌లో సరే. రూట్ చేయని మామూలు ఫోన్‌లో డాకర్ నడవదు. చిన్న గేమ్ బిల్డ్ చేయడానికి వందల ఎంబీల ఇమేజ్ దించుకోమనడం, రోజువారీ డేటా ప్యాక్ మీద బతికే స్టూడెంట్‌కి చెప్పాల్సిన మాట కాదు. పైగా ఆ ఇమేజ్ ఆల్పైన్‌దైతే మీ బాష్ స్క్రిప్ట్ అక్కడా ఆగుతుంది.

రెండోది, "పైథాన్‌లో రాసేయొచ్చు కదా." నిజమే, స్క్రిప్ట్ వంద లైన్లు దాటితే నేనూ అదే చెప్తా. ప్రాజెక్ట్‌కి ఎలాగూ పైథాన్ కావాలంటే ఇంకా మంచిది. కానీ మూడు కమాండ్లు వరుసగా నడిపే పనికి ఇంకో భాష ఇన్‌స్టాల్ చేయమనడం ఎందుకు? షెల్ అన్ని యూనిక్స్ సిస్టమ్స్‌లోనూ ముందే ఉంటుంది.

మూడోది నేను సగం ఒప్పుకుంటా: "పోర్టబుల్‌గా రాస్తే కోడ్ అసహ్యంగా ఉంటుంది." ఆటోకాన్ఫ్ తయారు చేసే కాన్ఫిగర్ స్క్రిప్ట్ ఎప్పుడైనా తెరిచి చూశారా? 1991 నుంచి ఉన్న టూల్ అది. ఎప్పుడో పోయిన యూనిక్స్‌లలో కూడా నడవాలని వేల లైన్లు రాసిపెడుతుంది, మనిషన్నవాడు చదవడు. చదవకపోతే ఏమవుతుందో 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ యుటిల్స్ విషయంలో చూశాం. 5.6.0, 5.6.1 వెర్షన్లలో బ్యాక్‌డోర్‌ని టెస్ట్ ఫైళ్లలో దాచారు, బిల్డ్ సమయంలో షెల్ కమాండ్లతో బయటికి తీశారు. ఆ పని మొదలుపెట్టే ఫైల్ రిలీజ్ టార్‌బాల్‌లో ఉంది, గిట్‌లో లేదు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను లేటవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ అనుమానించి తవ్వబట్టి దొరికింది.

కాబట్టి నేను అడిగేది 1980ల యూనిక్స్‌లన్నిటికీ రాయమని కాదు. ఇవాళ జనం చేతుల్లో ఉన్నవాటికి రాయండి: ఉబుంటు, మ్యాక్, ఆల్పైన్, టెర్మక్స్. అదీ, ఇంకొకరు ఐదు నిమిషాల్లో చదివేంత చిన్నగా.

కుప్పంలో మూడు రాష్ట్రాల మనుషులు కలుస్తారు. తెలుగు, తమిళం, కన్నడ మూడూ వినిపిస్తాయి. సంతలో బేరం చేసేవాళ్లు గ్రాంథికం మాట్లాడరు, అవతలివాళ్లకి తెలిసిన నాలుగు మాటలతో పని కానిచ్చేస్తారు. పాజిక్స్ ఎస్‌హెచ్ సరిగ్గా అలాంటి నాలుగు మాటలే. అందులో పద్యం రాయలేరు, బేరం మాత్రం చక్కగా చేయొచ్చు. బిల్డ్ స్క్రిప్ట్‌కి కావాల్సిందీ అదే.

ఏం చేయాలంటే

ముందు తేల్చుకోండి: ఎస్‌హెచ్‌నా, బాషా? బాష్ అయితే "#!/యూఎస్‌ఆర్/బిన్/ఈఎన్‌వీ బాష్" అని రాయండి, ఏ వెర్షన్ కావాలో రీడ్‌మీలో చెప్పండి. ఆండ్రాయిడ్ సోర్స్ బిల్డ్ చేసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, అందులోని ఎన్వ్‌సెటప్ స్క్రిప్ట్ బాష్, జెడ్‌ఎస్‌హెచ్ తప్ప వేరే షెల్ కనిపిస్తే సపోర్ట్ లేదని హెచ్చరిస్తుంది. అన్నిచోట్లా నడవకపోయినా పర్వాలేదు, ఎక్కడ నడవదో చెప్తోంది కదా. నాకు అది చాలు.

ఎస్‌హెచ్ అయితే ఈ మార్పులు చాలావరకు సరిపోతాయి:

- "[[" బదులు "[", "==" బదులు "=". వేరియబుల్స్‌కి కోట్స్ మర్చిపోవద్దు.
- "ఎకో -ఈ" బదులు ప్రింట్‌ఎఫ్.
- "&>" బదులు ">" తర్వాత "2>&1".
- "సోర్స్" బదులు ఒక్క చుక్క. ఫైల్ అదే ఫోల్డర్‌లో ఉంటే ముందు "./" పెట్టండి.
- "ఫంక్షన్" అనే మాట అక్కర్లేదు, పేరు పక్కన బ్రాకెట్లు చాలు.
- "సెడ్ -ఐ" లినక్స్‌లో ఒకలా, మ్యాక్‌లో ఒకలా. మ్యాక్ సెడ్ ఆ తర్వాతి మాటని బ్యాకప్ ఫైల్ చివర తగిలించే పేరు అనుకుంటుంది. కొత్త ఫైల్‌లోకి రాసి, దాన్ని పాత పేరుకి మార్చేయడం అన్నిచోట్లా నడుస్తుంది.
- టెంపరరీ ఫైళ్లకి "/టెంప్" అని గట్టిగా రాసేయొద్దు. టెర్మక్స్‌లో అది పనికిరాదు, టెంప్‌డిర్ వేరియబుల్ చూడండి.
- "పైప్‌ఫెయిల్" పాజిక్స్‌లోకి 2024 ఎడిషన్‌తోనే వచ్చింది. డ్యాష్ 0.5.12కి అది తెలియదు, కాబట్టి ఇప్పుడే దాని మీద ఆధారపడొద్దు.

తర్వాత షెల్‌చెక్ నడపండి. అది మొదటి లైన్ చదివి, ఎస్‌హెచ్ అని ఉంటే బాష్ మాటలన్నిటినీ 3000 సిరీస్ హెచ్చరికలుగా చూపిస్తుంది. డెబియన్ వాళ్ల చెక్‌బాషిజమ్స్ కూడా ఇదే పనికి పుట్టింది. "-ఎన్" పెట్టి సింటాక్స్ మాత్రమే చూస్తే చాలదు, "==" లాంటివి దానికి దొరకవు. నిజంగా ఒకసారి డ్యాష్‌లో, ఒకసారి బిజీబాక్స్‌లో నడపాలి. సీఐలో ఉబుంటు పక్కన మ్యాక్, ఆల్పైన్ కూడా పెడితే ఇంక రోజూ గుర్తుపెట్టుకోనవసరం లేదు.

ఓపెన్ సోర్స్‌లో మొదటి పుల్ రిక్వెస్ట్ ఎక్కడ మొదలుపెట్టాలి అని చాలామంది జూనియర్లు అడుగుతుంటారు. రీడ్‌మీలో కామా మార్చే పని వదిలేయండి. మీకు నచ్చిన ప్రాజెక్ట్ బిల్డ్ స్క్రిప్ట్ తెరవండి. మొదటి లైన్ ఏం చెప్తోంది, కింద ఏం ఉంది చూడండి. రెండూ కలవకపోతే, మీ చేతిలో ఉన్న ఫోన్‌లోనే దాన్ని నిరూపించి, ఒక్క లైన్ సరిచేసి పంపండి. ఆ లైన్ వల్ల ఇంకెవరి ఫోన్‌లోనో మొదటిసారే బిల్డ్ అవుతుంది. వాళ్లకి మీరెవరో తెలియదు. తెలియకపోయినా ఫర్వాలేదు.